నాకు అబద్ధాలు, పెట్టెకి నిజాలు

కౌంటర్ ఉద్యోగంలో కొత్తగా చేరే పిల్లలకు ఒక్క మాట ముందే చెప్పేస్తాను. ఎదురుగా నిలబడ్డ మనిషి మీతో అబద్ధం చెబుతున్నాడంటే అందులో సగం తప్పు మీ మొహానిది. ఈ సంగతి తెలియడానికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది. అదీ నా తెలివితో తెలుసుకున్నది కాదు. స్టాండు మీద నిలబెట్టిన ఒక పెట్టె నేర్పింది.

విజయవాడలో ఒక షుగర్ డాక్టరుగారి క్లినిక్కులో రిసెప్షన్ నాది. ఆయన ప్రాక్టీసు పెట్టిన కొత్తల్లో చేరాను. టోకెన్ ఇవ్వడం, ఫైలు తీయడం, బరువు చూడడం, ఆ తర్వాత నాలుగు ప్రశ్నలు అడిగి ఫైలు మీద రాయడం నా పని. పథ్యం చేస్తున్నారా? తీపి తింటున్నారా? నడుస్తున్నారా? కాళ్లకు దెబ్బలు, పుళ్లు ఏమైనా ఉన్నాయా? చల్లపల్లి నుంచి వచ్చిన మాస్టారైనా, మైలవరం నుంచి వచ్చిన రైతైనా జవాబు ఒకటే. "చేస్తున్నానండీ, తినట్లేదండీ, నడుస్తున్నానండీ, లేవండీ." నా ఫైళ్లను నమ్మితే బందరు లడ్డు దుకాణాలవాళ్లు ఎప్పుడో షట్టర్లు దించుకోవాలి.

రక్తపరీక్ష మాత్రం వేరే కథ చెప్పేది. అది చూసి డాక్టరుగారు లోపల అరిచేవారు. ఆయన హస్తవాసి మంచిది, నోటివాసే కాస్త తక్కువ. "మీ కిడ్నీలు మీ సొంతమా, అద్దెకు తెచ్చుకున్నారా?" అని ఆయన అడిగితే బయట హాల్లో కూర్చున్న ముప్ఫై మందీ ఎవరి నడుం వాళ్లు తడుముకునేవారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం నేను వారానికి ఆరు రోజులు చూశాను.

మరి నా సంగతో? నేను ఎవరినీ తిట్టను. నాకున్న జబ్బల్లా ఒకటే, "అయ్యో" అనడం. అది మా అమ్మ దగ్గర నుంచి వచ్చింది. పక్కింట్లో పాలు విరిగినా ఆవిడ అయ్యో అనేది. కౌంటర్ ముందు ఎవరైనా పొరపాటున "నిన్న ఒక్క అరిసె తిన్నానండీ" అంటే, నా నోట్లోంచి అయ్యో అని వచ్చేసేది. అందులో తిట్టు ఉండదు, నిజంగా బాధే. కానీ హాలంతా తల తిప్పి ఆ అరిసె తిన్న మనిషిని చూసేది. ఆ మనిషి జన్మలో మళ్లీ నాకు నిజం చెప్పేవాడు కాదు.

ఇలా ఉండగా ఒక వేసవిలో డాక్టరుగారు ఒక ఇంజనీరు అమ్మాయిని వెంటబెట్టుకొచ్చారు. మైలవరం పిల్ల, ఇక్కడే చిన్న కంపెనీలో పని. మనుషులు కంప్యూటర్ల ముందు ఎలా ప్రవర్తిస్తారన్నదే ఆమె చదువంతా. బరువు చూసే మిషను పక్కన ఒక మూల పచ్చ తెర కట్టించింది. తెర వెనక కుర్చీ, కుర్చీ ముందు స్టాండు, స్టాండు మీద ఒక ట్యాబ్. మేమంతా దాన్ని పెట్టె అనేవాళ్లం. నేను అడిగే ప్రశ్నలే అది ఆడగొంతుతో అడుగుతుంది. అవును, లేదు అని రెండు బటన్లు. ఇంకేమైనా చెప్పుకోవాలంటే మైకు బొమ్మ నొక్కి మాట్లాడాలి. చదువు రానివాళ్ల కోసం, నొక్కిన జవాబును అదే మళ్లీ పైకి చెబుతుంది.

"ఆంటీ, మనిషి ముందు సిగ్గుపడేవాళ్లు మెషీన్ ముందు సిగ్గుపడరు" అందా అమ్మాయి.

ఆంటీ అన్న మాట నాకు నచ్చలేదు. చెప్పిన సంగతి అసలే నచ్చలేదు. "మా జనం సంగతి నీకు తెలీదమ్మా. నాకే చెప్పనివాళ్లు దానికేం చెబుతారు?" అన్నాను.

"చూద్దాం ఆంటీ" అంది.

పెట్టె మొదట ఒక మాట చెప్పేది: "నమస్కారం. మీ జవాబులు మీ పేరుతో ఎవరికీ చూపించం. నిశ్చింతగా చెప్పండి." డాక్టరుగారికి కావలసిందీ అంతే. ఫలానా వాళ్లు ఏం తిన్నారని కాదు, మొత్తం మీద మన జనం ఏం తింటున్నారో తెలిస్తే పథ్యం కాగితాలు మార్చి రాద్దామని ఆయన ఆలోచన. ఊళ్లో దొరకని ఓట్స్, ఆకుకూరల పేర్లు రాస్తే ఎవరు పాటిస్తారు పాపం.

మొదటి వారం నాకు నవ్వలేక కడుపు చెక్కలైంది. "నమస్కారం" అని పెట్టె అనగానే పెద్దవాళ్లు లేచి నిలబడి తిరిగి దణ్ణం పెట్టేవారు. హనుమాన్ జంక్షన్‌లో రోడ్డు పక్కన టిఫిన్ హోటల్ నడిపే ఒకావిడ చెప్పులు తెర బయటే విడిచి లోపలికి వెళ్లింది. ఇంకొకాయన ప్రతి జవాబు చివరా "అమ్మా" చేర్చాడు. పాతబస్తీలో బట్టలు కుట్టే భాయ్‌గారైతే కూర్చోబోయే ముందు తెర అంచు పట్టుకుని చూసి, "మడత సరిగ్గా వేయలేదు చెల్లెమ్మా, నేను సరిచేసి తెస్తా" అన్నారు. చెప్పినట్టే తర్వాతి వారం కొత్త తెర కుట్టి తెచ్చారు.

ఈ భాయ్‌గారి గురించి కాస్త చెప్పాలి. అరవై దాటిన మనిషి. నలభై ఏళ్లుగా కాలితో తొక్కే కుట్టు మిషనే. కొడుకు మోటారు తెచ్చి పెట్టినా బిగించనివ్వలేదు. "మోటారుకి నా మనసేం తెలుసు? మెడ దగ్గర మెల్లగా వెళ్లాలని నా కాలికి తెలుసు" అనేవారు. నన్ను చెల్లెమ్మా అని పిలిచేవారు. నాకు అన్నయ్యలు లేరు కాబట్టి ఆ పిలుపు బాగుండేది.

నెల తిరగకుండానే ఇంజనీరు అమ్మాయి జవాబుల కాగితాలు అచ్చు తీసి డాక్టరుగారికిమ్మని నా బల్ల మీద పెట్టింది. పేర్లు లేవు, టోకెన్ నంబర్లు మాత్రమే. ఊరికే తిరగేశాను. నా కళ్లు తిరిగాయి. తింటున్నారు! అందరూ తింటున్నారు! తినడమే కాదు, మైకులో వర్ణించి మరీ చెబుతున్నారు. ఒకాయన మామిడిపండు రసం పిండుకుని అన్నంలో కలుపుకోవడం గురించి పేజీ నిండా చెప్పాడు. ఇంకొకావిడ ఫ్రిజ్ వెనక డబ్బాలో దాచుకున్న కాజాల గురించి, కోడలికి తెలియదన్న భరోసాతో, ఎన్ని మిగిలాయో కూడా చెప్పింది. ఇరవై ఎనిమిదేళ్లు నా మొహం మీద అబద్ధాలాడినవాళ్లు ఆ పెట్టెకి మూడు నిమిషాల్లో నిజం చెప్పారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఉన్నమాట ఒప్పుకోవాలి కదా, అసూయే. నేను వాళ్ల పిల్లల పెళ్లిళ్లకు వెళ్లాను. ఎవరికి ఏ మందు పడదో ఫైలు చూడకుండా చెప్పగలను. అలాంటి నన్ను కాదని, పుట్టి నెల కాని పెట్టెకి కడుపులో మాట చెప్పుకుంటారా?

ఇక్కడే నా బుద్ధి గడ్డి తింది. కాగితాల మీద పేర్లు లేవు గానీ, ఏ టోకెన్ ఎవరిదో నా రిజిస్టర్లో ఉంటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నట్టు, ఆ సంగతి ఆ అమ్మాయికీ తట్టలేదు, డాక్టరుగారికీ తట్టలేదు. నేను కూర్చుని ఒక్కొక్క కాగితం ఎవరిదో చూసి, రుచికరంగా ఉన్నవాటిని ఏరి, ఎవరి ఫైల్లో వారివి పెట్టేశాను, మిగతావి డాక్టరుగారు అడిగినప్పుడు ఇద్దామని బీరువాలో పడేశాను. పెట్టేటప్పుడు మనసులో అనుకున్నదేమిటంటే, వైద్యానికి పనికొస్తుంది కదా అని. మనం చేసే వెధవ పనులకు ఇలాంటి మంచి కారణాలు ఎప్పుడూ దొరుకుతాయి.

ముందుగా దొరికింది హోటల్ ఆవిడ. నాతో ఎన్నేళ్లుగానో "జొన్నరొట్టె తప్ప ముట్టనండీ" అనే మనిషి. పెట్టెకి చెప్పిందేమిటంటే, ప్రతి వాయిలో మొదటి మైసూర్ బోండా తనే తింటుందట, రుచి చూడకుండా జనానికి ఎలా పెడతానని. డాక్టరుగారు ఫైలు తెరిచారు. కాగితం చూశారు. అది అక్కడికెలా వచ్చిందని అడగడానికి ఆయనకు తీరిక లేదు, కోపం ముందే వచ్చేసింది.

"రోజుకి ఎన్ని వాయిలు వేస్తారండీ మీరు?" అని ఆయన అరిచిన అరుపు హాలు దాటి వీధిలో ఆటోల దాకా వినిపించింది.

ఆవిడ బయటికొచ్చింది. చెప్పులు తొడుక్కుంటూ పచ్చ తెర వైపు ఒక చూపు చూసింది. నమ్మిన పక్కింటావిడ మోసం చేస్తే చూసే చూపది. "దీనికి నోట్లో నువ్వుగింజ నానదు" అని అందరికీ వినపడేలా చెప్పి వెళ్లిపోయింది.

అంతే. వారం తిరిగేసరికి హాలంతా ఆ మాటే. షుగర్ ఉన్నవాళ్లకు తీపి దొరక్కపోయినా కబుర్లకు లోటుండదు. ఇక అప్పటి నుంచి పెట్టె ముందు ఊరు ఊరంతా పుణ్యాత్ములైపోయారు. తీపి తిన్నారా? లేదు. పుళ్లున్నాయా? లేవు. కొందరు కెమెరా మీద జేబురుమాలు కప్పి మరీ నొక్కేవారు. ఒకాయన తనకు బదులు భార్యను పంపాడు. ఆవిడ తన జవాబులు చెప్పి వచ్చింది. ఇంకొకాయన మైకు నొక్కి "మా డాక్టరుగారు దేవుడండీ" అని రెండు నిమిషాలు పొగిడి, బయటికొచ్చి నా వైపు చూసి కన్ను గీటాడు.

ఇంజనీరు అమ్మాయి తలపట్టుకుని కూర్చుంది. "ఆంటీ, ఏదో తేడాగా ఉంది. విజయవాడలో ఒక్కరు కూడా స్వీటు తినట్లేదు."

"మంచిదేగా" అన్నాను, తేలు కుట్టిన దొంగలా.

ఆమె లేచి తెర దగ్గరికి వెళ్లింది. "మెషీన్‌ని తెలివైనదనుకుని నమ్మలేదు ఆంటీ వీళ్లు. మొహం లేదని నమ్మారు. ఇప్పుడు దానికెవరో మొహం పెట్టారు" అంది. ఆ మొహం ఎవరిదో నాకు తెలుసు. అప్పుడైనా చెప్పేయాల్సింది, చెప్పలేదు.

ఇక ఆ రోజు సంగతి. సోమవారం, హాలు కిటకిటలాడుతోంది. భాయ్‌గారు మూడు నెలల తర్వాత వచ్చారు. టోకెన్ తీసుకుని బెంచీ దాకా నడిచారు. ఆ నడక నాకు నచ్చలేదు. ఎడమ కాలు నేల మీద పూర్తిగా మోపడం లేదు. చెప్పు చూస్తే, చిటికెనవేలి పక్కన పట్టీని కత్తెరతో తెగ్గోసి ఉంది. కొత్త చెప్పు. ఎంత దర్జీ అయినా కొత్త చెప్పునెవరు కత్తిరించుకుంటారు?

"భాయ్‌గారూ, కాలికేమైంది?"

"ఏం లేదు చెల్లెమ్మా. చెప్పు కరిచింది."

"చూడనివ్వండి."

"అబ్బే, ఇంతమందిలోనా! మందులు రాయించుకుని వెళ్లిపోతా. ఇదిగో, పనులున్నాయి." తర్వాత పక్కనున్నాయనతో అనడం విన్నాను: "ఇదే ఆఖరు. ఇక్కడ ఏం చెప్పినా ఊరంతా తెలుస్తోంది. ఇకనుంచి మందుల షాపులోనే కొనుక్కుంటా."

 బీరువాలోంచి పాత కాగితాలన్నీ లాగాను. మూడు నెలల కిందట, మొదటి విడతలో, ఆయన టోకెన్ వెతికాను. అందులో తీపి గురించి ఏమీ లేదు. అందుకే నేను దాన్ని రుచికరంగా లేదని పక్కన పడేశాను. చివర్లో కాళ్ల ప్రశ్న దగ్గర "అవును" అని ఉంది. కింద మైకులో చెప్పిన మాటలు అచ్చయి ఉన్నాయి: "చిటికెనవేలి కింద సూది గుచ్చుకుంది. గుచ్చుకున్నట్టే తెలీలేదు, నెత్తురు చూసి తెలిసింది. మా అబ్బాయికి చెప్పకు తల్లీ. మిషను మాన్పించేస్తాడు."

తల్లీ అన్నారు దాన్ని. సాయం అడిగారు కూడా. ఆ కాగితం మూడు నెలలు నా బీరువాలో ఉంది. ఎవరి కాజాలెన్నో లెక్కపెడుతూ నేను దాన్ని చదవనే లేదు. షుగర్ మనిషి కాలికి స్పర్శ పోతే, చిన్న పుండుతో మొదలై కాలు తీసేసేదాకా వెళ్లిన వాళ్లను నేనెంతమందిని చూశానో. ఆయన బతుకంతా ఆ కాళ్లలోనే ఉంది. 

తెర లోపలి నుంచి పెట్టె గొంతు వినిపించింది. భాయ్‌గారి వంతు వచ్చింది. "కాళ్లకు దెబ్బలు, పుళ్లు ఏమైనా ఉన్నాయా?" కాసేపటికి, "లేవు అన్నారు."

డాక్టరుగారికి చెబుదామా అనుకున్నాను. చెబితే ఆయన అరుస్తారు. అరిస్తే ఈయన లేచి వెళ్లిపోతాడు, ఇక రాడు. మింగలేక కక్కలేక కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. పెట్టె గొంతు సరిగా వస్తోందో లేదో చూసుకోమని, ఆ అమ్మాయి నా కంప్యూటర్లో ఒక పేజీ పెట్టి ఇచ్చింది. అందులో ఏం టైపు చేస్తే అది పెట్టె పలుకుతుంది. రోజూ పొద్దున్నే "ఒకటి రెండు మూడు" అని పలికించేదాన్ని. తెర నా కుర్చీకి రెండడుగుల దూరం. హాలు గోలలో మామూలుగా వినపడదు గానీ, చెవి ఒగ్గితే ఆయన ఏమన్నా నాకు వినిపిస్తుంది.

తప్పో ఒప్పో ఆలోచించే తీరిక లేదు. టైపు చేశాను.

"మరోసారి ఆలోచించి చెప్పండి. కాలికి పుండు ఉందా?" అంది పెట్టె.

"లేదన్నాగా" అన్నారు భాయ్‌గారు.

"క్రితంసారి ఉందన్నారు."

 ఆయన గొంతు తగ్గించి, "అప్పుడు నువ్వు మంచిదానివి" అన్నారు. "నమ్మి చెప్పుకున్నాం. నువ్వేమో అందరి గుట్టూ డాక్టరుగారికి మోశావు. ఆ బోండాలావిడ ఎంత చిన్నబుచ్చుకుందో తెలుసా? మళ్లీ వచ్చిందా ఇటువైపు?"

రాలేదు. నిజమే, ఆ రోజు తర్వాత రాలేదు. పాపం పెట్టె! చేయని తప్పుకి తిట్లు తింటోంది. "ఆ తప్పు నాది కాదు" అని టైపు చేశాను. అది పలికించబోయి ఆగిపోయాను. ఆ మాట పెట్టె అంటే నిజమే గానీ, టైపు చేస్తున్న వేళ్లు నావి. చెరిపేసి మళ్లీ టైపు చేశాను.

"తప్పయిపోయింది. ఇంకెప్పుడూ చెయ్యను."

రైల్వేస్టేషన్లో బండి ఆలస్యమని చెప్పే గొంతుతో చెప్పిందది. నాకు మాత్రం కళ్లు చెమ్మగిల్లాయి. ముప్ఫై మంది చూస్తుండగా కీబోర్డు ముందు కళ్లు తుడుచుకున్నాను.

భాయ్‌గారు నిట్టూర్చారు. "సరేలే. నీతో కాక ఎవరితో చెప్పుకుంటా. వేలి కింద నల్లబడింది. చీము కూడా వస్తోంది. వాసనొస్తోందని దుకాణంలో అగరొత్తులు వెలిగిస్తున్నా. పెడల్ తొక్కుతుంటే నొప్పే లేదు, అదే భయంగా ఉంది."

ఇక్కడ ఇంకో మంచి ప్రశ్న టైపు చేయాల్సింది. వెంటనే డాక్టరుకు చూపించండి అని రాయాల్సింది. వేళ్లు నా మాట వినలేదు. రెండే రెండు పొడి అక్షరాలు కొట్టేసి బటన్ నొక్కేశాయి.

"అయ్యో" అంది పెట్టె.

తెర వెనక కుర్చీ కిర్రుమంది.  తర్వాత ఆయన తనే కుట్టిన తెర మెల్లగా పక్కకి జరిగింది. భాయ్‌గారు తల బయటపెట్టి ముందు పెట్టెని చూశారు, తర్వాత నన్ను చూశారు, తర్వాత కీబోర్డు మీద ఉన్న నా చేతుల్ని చూశారు.

"చెల్లెమ్మా, దీనికి అయ్యో అనడం ఎవరు నేర్పారు?"

కీబోర్డు మీంచి చేతులు తీసేశాను.

"విజయవాడ మొత్తం మీద ఈ అయ్యో ఒక్కటే ఉంది" అన్నారు ఆయన. "చీర అంచు చూసి ఏ ఊరి నేతో చెప్పేవాణ్ణి, ఇది ఎవరిదో తెలీదా నాకు?"

"భాయ్‌గారూ, గుట్టు మోసింది కూడా అది కాదు. నేనే."

ఆయన కుర్చీలో అలాగే కూర్చున్నారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. "నాకు తప్పయిందని చెప్పింది నువ్వా, అదా?" అని అడిగారు.

"నేనే."

"అయితే సరే" అన్నారు. వంగి చెప్పు తీసేశారు. ఆ పాదం ఎలా ఉందో ఇక్కడ రాయను. నేను చూసి అయ్యో అనలేదు, అంతటితో అర్థం చేసుకోండి.

డాక్టరుగారి గది తలుపు తోసి లోపలికి వెళ్లాను. వేరే పేషెంటు ఉన్నాడు. పట్టించుకోకుండా మొత్తం చెప్పేశాను. టోకెన్లు, కాగితాలు, బోండాలు, మూడు నెలలు చదవని కాగితం, పెట్టె గొంతుతో మాట్లాడింది, అన్నీ. ఆయన మొహం ఎర్రబడింది. నోరు తెరిచారు.

"సార్, అరిచేదంతా ముందు నా మీద అరిచేయండి. ఏమీ మిగుల్చుకోకండి. ఆ తర్వాత ఆయన్ని చూద్దురుగాని" అన్నాను.

అరిచారు. ఇరవై ఎనిమిదేళ్లలో అంతగా ఎప్పుడూ అరవలేదు. హాల్లో ఒక్కరూ కదలలేదట. అంతా అయ్యాక మంచినీళ్లు తాగి, బయటికొచ్చి, తెర దగ్గర నేల మీద గొంతుక్కూర్చుని భాయ్‌గారి పాదం ఒళ్లో పెట్టుకుని చూశారు. "ఎప్పటినుంచి?" అని మెల్లగా అడిగారు. ఆ గొంతు ఆయనకుందని నాకప్పటిదాకా తెలీదు. ఆ మధ్యాహ్నమే సర్జన్ దగ్గరికి పంపారు. ఒక చిటికెనవేలు పోయింది, కాలు నిలిచింది. ఇంకో పదిహేను రోజులు ఆగి ఉంటే మడమ దాకా తీసేవాళ్లమని సర్జన్ అన్నారట.

మర్నాడు ఇంజనీరు అమ్మాయికి చెప్పాను. తిట్టలేదు. అంతా విని, "సరే మేడం" అంది. ఆంటీ అనవద్దని ఎన్నాళ్లుగానో అనుకున్నదాన్ని, ఆ రోజు మేడం అని పిలిస్తే, ఆంటీ అనే పిలవమ్మా అనబోయి ఆగాను. మళ్లీ ఆంటీ అనిపించుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. టోకెన్ నంబర్లు తీసేసింది. పుండు ఉందని ఎవరైనా నొక్కితే చివర్లో ఒక ప్రశ్న అడిగేలా చేసింది: "ఇది డాక్టరుగారికి మీ పేరుతో చెప్పమంటారా?" అవును, వద్దు. ఆ తర్వాత మొత్తం జవాబులన్నిటికీ అదే పెట్టింది. మొదట్లో అందరూ వద్దనే నొక్కారు. మొదట చెప్పమన్నది భాయ్‌గారేనని ఆయన నోటితోనే విన్నాను.

హోటల్ ఆవిడ దగ్గరికి నేనే వెళ్లాను, హనుమాన్ జంక్షన్ దాకా బస్సెక్కి. ఆవిడ నా మాట విని, ఒక వాయిలో మొదటి బోండా తీసి నా చేతిలో పెట్టింది. "ఇకనుంచి రుచి మీరు చూడండి, వారానికోసారి రండి" అంది. తిన్నాను, నాలుక కాలింది. ఆవిడ మళ్లీ క్లినిక్కుకి వచ్చింది గానీ చెప్పులు విడవడం మాత్రం మానేసింది. పోయిన మర్యాద తిరిగి రావడం అంత సులువు కాదు.

ఇదంతా జరిగి కొన్నేళ్లయింది. రిటైరయ్యాను. వారానికోసారి కాకపోయినా ఆ బోండాల వల్లో, మరి మా అమ్మ వంశంలో ఉన్నదో, నాకూ షుగర్ వచ్చింది. మొన్న అదే క్లినిక్కుకి, అదే హాలుకి, టోకెన్ పట్టుకుని వెళ్లాను. కౌంటర్లో కొత్తమ్మాయి. బెంచీ మీద భాయ్‌గారు. ఇప్పుడు మోటారు పెట్టించుకున్నారు. "వింటోందా మోటారు?" అని అడిగాను. "చెవుడు. గట్టిగా చెబితే వింటుంది" అన్నారు.

కబుర్లలో పడి, ముందురోజు మా మేనకోడలి గృహప్రవేశంలో లడ్లు ఎంత బాగున్నాయో చెప్పాను. రెండు తిన్నాననీ, రెండోది సగమేననీ గొంతు తగ్గించి చెప్పాను. ఆయన తల పంకించారు. అంతలో నా వంతు వచ్చింది. తెర వెనక కూర్చున్నాను. పాత తెరే, వెలిసింది గానీ మడత చెక్కుచెదరలేదు.

"నమస్కారం" అంది పెట్టె. నేనూ లేచి దణ్ణం పెట్టబోయి ఆగాను.

"నిన్న తీపి తిన్నారా?"

ముప్ఫై ఏళ్లు ఈ ప్రశ్న అడిగినదాన్ని. ఈ పెట్టె లోపల ఏముందో, ఏం లేదో ఎరిగినదాన్ని. అయినా నా వేలు నేరుగా వెళ్లి లేదు మీద నొక్కింది. మొహం లేని దాని ముందు కూడా నాకు సిగ్గేసింది, ఏం చెప్పను.

"లేదు అన్నారు" అని పెట్టె పైకి చదివింది.

తెర అవతల నుంచి, మెల్లగా, నాకు మాత్రమే వినపడేలా ఒక గొంతు:

"అయ్యో."

వెనక్కి బటన్ నొక్కి, అవును అని మార్చాను. డాక్టరుగారికి చెప్పమంటారా అని అడిగితే చెప్పమన్నాను. ఆ తర్వాత మైకు నొక్కి, రెండోది సగమేనని కాస్త గట్టిగానే చెప్పాను.